అయోవాలో హారిస్‌కి 3 పాయింట్ల ఆధిక్యమట: ఒక రాష్ట్రం సర్వేని ఎంతవరకు నమ్మొచ్చు?

డిమోయిన్_దేశీ (అయోవా) | నవంబర్ 2, 2024

ఇందాకే మా ఊరి పత్రిక డిమోయిన్ రిజిస్టర్ చివరి సర్వే బయటపెట్టింది. హారిస్ 47, ట్రంప్ 44. అదీ అయోవాలో! సెప్టెంబర్‌లో ఇదే సర్వేలో ట్రంప్ 47, హారిస్ 43. జూన్‌లో బైడెన్ బరిలో ఉన్నప్పుడు ట్రంప్ 50, బైడెన్ 32. సాయంత్రం నుంచి మా వాట్సాప్ గ్రూపుల్లో ఇదే గోల, ఒకళ్లు పండగ చేసుకుంటుంటే ఇంకొకళ్లు ఇదంతా కుట్ర అంటున్నారు.

సర్వే చేసింది ఆన్ సెల్జర్. ఆవిడ గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: 2008 అయోవా కాకసుల్లో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే స్థానిక సమావేశాలు) ఒబామా గెలుస్తాడని ముందే చెప్పింది. 2016లో ఇక్కడ ట్రంప్‌కి 7 పాయింట్ల ఆధిక్యం అంది, 9 దాటి వచ్చింది. 2020లో మళ్లీ 7 అంది, 8 వచ్చింది. ఆ రెండుసార్లూ మిగతా సర్వేలు అంత తేడా చూపించలేదు, అందుకే ఆవిడ మాటకి ఇంత విలువ.

అయోవాకి ఉన్నవి 6 ఎలక్టోరల్ ఓట్లే (అధ్యక్షుణ్ని తేల్చేవి రాష్ట్రాలకి ఉన్న ఈ ఓట్లే), దీనివల్ల నేరుగా ఏమీ మారదు. కానీ ఇక్కడి లాంటి తెల్లవాళ్లే పక్కనున్న విస్కాన్సిన్‌లోనూ ఉన్నారు కదా, ఇక్కడ గాలి ఇలా తిరిగితే అక్కడ సంగతేంటి? సర్వేల గురించి తెలిసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, మీరు ఎలా చదువుతున్నారో చెప్పండి. ఎవరికి ఓటు వేయాలన్న గొడవ మాత్రం వద్దు, దానికి వేరే థ్రెడ్లు ఉన్నాయి.

కమ్మింగ్_కాకా (జార్జియా) | నవంబర్ 2

తమ్ముడూ, ఇవాళే ఎమర్సన్ కాలేజీ వాళ్ల సర్వే కూడా వచ్చింది, అదే అయోవాలో. ట్రంప్ 53, హారిస్ 43. ఒకే రాష్ట్రం, ఒకే వారం, రెండు సర్వేలకీ మధ్య 13 పాయింట్ల తేడా. రెండింటిలో ఏదో ఒకటి బాగా తప్పాలి, లేదా రెండూ కొంత కొంత తప్పాలి.

తణుకు_కుర్రోడు (పశ్చిమ గోదావరి) | నవంబర్ 3

ఉషా వాన్స్ గారి పూర్వీకుల ఊరు వడ్లూరు మాకు దగ్గరే, అందుకని ఈసారి ఇక్కడ అమెరికా ఎన్నికల గురించి టీ కొట్టు దగ్గర కూడా మాట్లాడుకుంటున్నారు. నా డౌట్ ఒక్కటే అన్నా. ఆ సర్వేలో ఎంతమందిని అడిగారో చూస్తే 808 మంది అని ఉంది. 30 లక్షలు దాటిన జనాభా ఉన్న రాష్ట్రంలో 808 మందిని అడిగి చెప్పేస్తారా? మా మండలంలో ఎవరు గెలుస్తారో చెప్పడానికే అది చాలదు.

కేరీ_గణాంకం (నార్త్ కరోలినా) | నవంబర్ 3

చాలు. నిజంగా చాలు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తారు కదా, గిన్నె చిన్నదా పెద్దదా అన్నది లెక్కలోకి రాదు. కాకపోతే ఆ మెతుకు ఎక్కడినుంచి తీశామన్నది ముఖ్యం. అడుగు మాడుతూ పైన పలుకుగా ఉంటే పైనున్న మెతుకు మనల్ని మోసం చేస్తుంది.

నేను ఫార్మాలో క్లినికల్ ట్రయల్స్ డేటా మీద పనిచేస్తాను, ఎన్నికలు నా వృత్తి కాదు గానీ లెక్క మాత్రం ఒకటే. ఎవరిని అడగాలన్నది పూర్తిగా యాదృచ్ఛికంగా ఎంచుకుంటే 800 మందికి మార్జిన్ ఆఫ్ ఎర్రర్, అంటే సర్వే అంకె అటూ ఇటూ తప్పగల హద్దు, సుమారు మూడున్నర పాయింట్లు. సెల్జర్ సర్వేకి 3.4 అని రాశారు. ఇక్కడే అందరూ పొరపడతారు. ఆ 3.4 ఒక్కో అభ్యర్థి శాతానికి, ఇద్దరి మధ్య తేడాకి కాదు. ఒకరికి పెరిగితే ఇంకొకరికి తగ్గుతుంది కాబట్టి ఆధిక్యానికి అది దాదాపు రెట్టింపు, అంటే 7 దాకా పోతుంది. "హారిస్‌కి 3 ఆధిక్యం" అన్న వార్తని "ట్రంప్‌కి 4 నుంచి హారిస్‌కి 10 వరకు ఎక్కడైనా ఉండొచ్చు" అని చదువుకోవాలి. టీవీలో ఎవరూ ఇలా చెప్పరు.

సంఖ్య ఎక్కువైతే నిజం బయటపడుతుందనుకునేవాళ్లు 1936 సంగతి చదవాలి. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పోస్టులో పంపింది, 20 లక్షలకి పైగా జవాబులు వచ్చాయి. వాటిని లెక్కేసి అధ్యక్ష ఎన్నికల్లో రూజ్‌వెల్ట్ మీద లాండన్ గెలుస్తాడని ప్రకటించారు. రూజ్‌వెల్ట్ 48లో 46 రాష్ట్రాలు గెలిచాడు. వాళ్లు పేర్లు తీసుకున్నది టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కారు రిజిస్ట్రేషన్ల నుంచి. ఆ మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లు ఎవరు? పైగా తిరిగి జవాబు రాసే ఓపిక ఎవరికి ఎక్కువ? అదే ఏడాది సర్వేలు చేసే జార్జ్ గాలప్ అంతకంటే ఎన్నో రెట్లు చిన్న శాంపిల్‌తో సరిగ్గా చెప్పాడు.

తణుకు_కుర్రోడు | నవంబర్ 3

ఇది అర్థమైందండి. అయితే మా దగ్గర సర్వేలు ఎందుకు అంత తేడా కొడతాయి? 2018 డిసెంబర్‌లో తెలంగాణలో ప్రజాకూటమిదే పైచేయి అని లగడపాటి గారు చెప్పారు, టీఆర్ఎస్‌కి 119లో 88 వచ్చాయి. 2019లో ఆంధ్రలో టీడీపీకి వంద సీట్ల దాకా అన్నారు, వచ్చినవి 23. ఆ మాట నమ్మి పందేలు కట్టి పొలాలు అమ్ముకున్నవాళ్లు మా చుట్టుపక్కల ఉన్నారు. అందుకే సర్వే అంటే నాకు కోపం.

బందరు_రోడ్డు (విజయవాడ) | నవంబర్ 3

తమ్ముడు చెప్పింది నిజం, ఆ బాధ ఇక్కడ చాలా ఇళ్లలో ఉంది. కానీ మన దగ్గర సర్వేకీ అమెరికా రాష్ట్రాల సర్వేకీ ఒక పెద్ద తేడా ఉంది. వాళ్లు ఓట్ల శాతం చెప్పి ఆగిపోతారు. మనవాళ్లు సీట్లు చెప్పాలి. 2019లో టీడీపీకి 39 శాతం ఓట్లతో 23 సీట్లు వచ్చాయి. 2024లో వైసీపీకి కూడా 39 శాతమే, సీట్లు 11. ఎదుటి పక్షాలు విడిగా ఉన్నాయా కలిసి ఉన్నాయా అన్నదాన్ని బట్టి, ఓట్లు ఎక్కడెక్కడ పడ్డాయన్నదాన్ని బట్టి సీట్లు మారిపోతాయి. ఓట్ల శాతం రెండు పాయింట్లు తప్పినా సీట్ల లెక్క తలకిందులు అవుతుంది.

ఇంకో సంగతి, మన దగ్గర సర్వే అని చెప్పేవాళ్లలో ఎంతమంది శాంపిల్ ఎలా తీశారో, ఎన్ని తేదీల్లో అడిగారో, ఏ ప్రశ్న అడిగారో కాగితం మీద పెడతారు? "నా టీమ్ తిరిగింది, నా దగ్గర సమాచారం ఉంది" అంటే అది సర్వే కాదు. మొన్న జూన్‌లో లోక్‌సభ ఎగ్జిట్ పోల్స్ దాదాపు అన్నీ ఎన్డీయేకి 350 పైన ఇచ్చాయి, వచ్చినవి 293. అంత తేడా ఎందుకు వచ్చిందో పూర్తి పట్టికలతో సహా వివరణ ఇచ్చినవాళ్లు నాకైతే కనపడలేదు. ఈ విషయంలో మాత్రం అమెరికా వాళ్లని చూసి నేర్చుకోవాలి. సెల్జర్ సర్వే పూర్తి ప్రశ్నలు, తేదీలు, పద్ధతి అన్నీ ఎవరైనా చదువుకోవచ్చు.

మిల్వాకీ_మావయ్య (విస్కాన్సిన్) | నవంబర్ 3

అయోవా నుంచి విస్కాన్సిన్‌కి లెక్క కట్టొద్దని బతిమాలుతున్నాను. మా రాష్ట్రం పిల్లలకి పాఠంగా చెప్పాల్సినంత అనుభవం చూసింది.

2016లో ఇక్కడ సర్వేల సగటు క్లింటన్‌కి ఆరున్నర పాయింట్లు. మా దగ్గర అందరూ గౌరవించే మార్కెట్ (Marquette) యూనివర్సిటీ లా స్కూల్ సర్వే కూడా క్లింటన్ 46, ట్రంప్ 40 అంది. ట్రంప్ 22 వేల చిల్లర ఓట్లతో గెలిచాడు. పార్టీ అభ్యర్థి అయ్యాక క్లింటన్ ప్రచారానికి ఒక్కసారి కూడా ఇటు రాలేదు, సర్వేలు ఇలా ఉన్నప్పుడు రావాలని ఎవరికి తోస్తుంది? 2020లో ఎన్నికలకి వారం ముందు ఏబీసీ, వాషింగ్టన్ పోస్ట్ సర్వే బైడెన్‌కి 17 పాయింట్ల ఆధిక్యం అంది. పదిహేడు! గెలిచింది 20,682 ఓట్లతో, అంటే ముప్పావు పాయింట్ కూడా కాదు. మార్కెట్ వాళ్లు 5 అన్నారు, అదీ ఎక్కువే.

సర్వేలు అబద్ధాలని నేను అనను. మిషిగన్, పెన్సిల్వేనియా, విస్కాన్సిన్ మూడూ 2016లో ఒకేవైపు తప్పాయి. ఇది గుర్తుపెట్టుకోవాలి. ఒక రాష్ట్రంలో ఒకవైపు తప్పితే ఇంకో రాష్ట్రంలో రెండోవైపు తప్పి చెల్లుకు చెల్లు అవుతుందని అనుకుంటారు, అలా అవ్వదు. ఫోన్ ఎత్తని మనిషి మూడు రాష్ట్రాల్లోనూ ఫోన్ ఎత్తడు.

ఓరుగల్లు_ఇప్పుడు_ఫ్రిస్కో (టెక్సస్) | నవంబర్ 3

2016లో ఎందుకు తప్పిందో తర్వాత ఆపోర్ కమిటీ రిపోర్ట్ రాసింది, ఆపోర్ అంటే ఇక్కడి సర్వే పరిశోధకుల సంఘం. రెండు పెద్ద కారణాలు: చివరి వారంలో నిర్ణయం తీసుకున్నవాళ్లు ఎక్కువమంది ట్రంప్ వైపు పోయారు, రెండోది చాలా రాష్ట్ర సర్వేలు చదువుని బట్టి వెయిటింగ్ చేయలేదు, అంటే జవాబిచ్చినవాళ్ల పాళ్లు అసలు జనాభాతో సరిపోయేలా సర్దలేదు. డిగ్రీ ఉన్నవాళ్లు సర్వేకి ఎక్కువగా జవాబిస్తారు, ఆ ఏడాది వాళ్లు క్లింటన్ వైపు ఎక్కువ. దేశం మొత్తం సర్వేలు ఆ ఏడాది బాగానే ఉన్నాయి, క్లింటన్‌కి 3 అన్నారు, ఓట్లలో 2 వచ్చింది. దెబ్బ తిన్నవి రాష్ట్రాలే, ఎందుకంటే రాష్ట్ర సర్వేలకి డబ్బు తక్కువ, లోకల్ టీవీలూ చిన్న కాలేజీలూ చేసేవి.

మరి 2020లో చదువుని బట్టి వెయిటింగ్ చేశారు కదా, ఇంకా ఎక్కువ తప్పింది! అదే సంఘం లెక్క ప్రకారం దేశం మొత్తం సర్వేల్లో నలభై ఏళ్లలో అంత పెద్ద తప్పు లేదు. రాష్ట్ర సర్వేలు సగటున బైడెన్ ఆధిక్యాన్ని 4 పాయింట్లకి పైగా ఎక్కువ చూపించాయి. కారణం ఇదీ అని ఖచ్చితంగా తేల్చలేకపోయారు. మెయిన్ రాష్ట్రంలో సుసాన్ కాలిన్స్ సెనేట్ సీటు ఓడిపోతుందని నెలల తరబడి సర్వేలన్నీ చెప్పాయి, 8 పాయింట్ల పైన గెలిచింది.

పిట్స్‌బర్గ్_ఇల్లాలు (పెన్సిల్వేనియా) | నవంబర్ 3

మీరంతా లెక్కలు చెప్తున్నారు గానీ ఫోన్లు వచ్చే ఇల్లు ఎలా ఉంటుందో నేను చెప్తాను. పెన్సిల్వేనియాకి 19 ఎలక్టోరల్ ఓట్లు, అందుకని సెప్టెంబర్ నుంచి మా ఇంట్లో ఫోన్ ఆగడం లేదు. రోజూ మెసేజ్‌లు, తలుపు తట్టేవాళ్లు, పోస్టు డబ్బా నిండా కార్డులు. ఏది సర్వేయో, ఏది సర్వే పేరుతో ప్రచారమో, ఏది మోసమో తెలియదు. మా ఆయన తెలియని నంబర్ అసలు ఎత్తరు. నేను ఒకసారి ఎత్తితే పదిహేను నిమిషాలు పైనే పట్టింది, పిల్లాడిని స్కూల్ నుంచి తీసుకురావాల్సిన టైమ్ అయిపోతోందని టెన్షన్ పడుతూనే జవాబులు చెప్పాను. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా, ఓపికగా అడిగింది, అందుకే మధ్యలో పెట్టేయబుద్ధి కాలేదు.

నాకు పౌరసత్వం వచ్చి ఎక్కువ కాలం కాలేదు, ఇదే మొదటి ఓటు. "2020లో ఓటు వేశారా" అని అడిగారు, లేదన్నాను. "ఈసారి తప్పకుండా వేస్తారా" అంటే వేస్తానన్నాను. నన్ను వాళ్లు ఓటు వేసేదాని కింద లెక్క వేస్తారా లేదా?

కేరీ_గణాంకం | నవంబర్ 3

చాలా మంచి ప్రశ్న అమ్మా. ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చేస్తారు. కొంతమంది మీ మాటే తీసుకుంటారు, తప్పకుండా వేస్తానన్నారు కాబట్టి లైక్లీ ఓటర్. కొంతమంది ఓటర్ల జాబితాలో పాత చరిత్ర చూసి, కొత్తవాళ్లు కాబట్టి వేసే అవకాశం ఇంత అని ఒక అంకె పెడతారు, అప్పుడు మీ జవాబుకి బరువు కాస్త తగ్గుతుంది. ఒకే జవాబుల కట్టని నలుగురు నిపుణుల చేతికిస్తే నాలుగు రకాల ఫలితాలు రావడానికి కారణం ఇదే.

ఫోన్ ఎత్తే వాళ్ల సంగతికి వస్తే, ప్యూ రీసెర్చ్ అనే సర్వే సంస్థ లెక్కల్లో 1997లో నూరుమందికి ఫోన్ చేస్తే 36 మంది మాట్లాడేవాళ్లు. 2018కి అది 6కి పడిపోయింది. ఇప్పుడు కొన్ని సర్వేల్లో నూటికి ఒకరో ఇద్దరో. మాట్లాడని ఆ 98 మంది, మాట్లాడిన ఇద్దరిలాగే ఆలోచిస్తారని అనుకోవాలి, అంతే, వేరే దారి లేదు. మార్జిన్ ఆఫ్ ఎర్రర్ 3.4 అన్నప్పుడు అందులో ఈ ప్రమాదం లెక్క వేయరు. అది శాంపిల్ అదృష్టం తాలూకు లెక్క మాత్రమే.

సెల్జర్ పద్ధతి అందరికంటే సాదా. వయసు, ఆడామగా, పార్లమెంట్ నియోజకవర్గం, ఇంతవరకే సరిచేస్తుంది. పోయినసారి ఎవరికి ఓటు వేశారో అడిగి దానికి తగ్గట్టు సర్దదు. జనం మారితే ఆ మార్పు కనపడాలి అన్నది ఆవిడ నమ్మకం. ఆ పద్ధతితోనే ఇన్నాళ్లు నెగ్గింది. ఈసారి ఫోన్ ఎత్తినవాళ్లలోనే ఒకవైపు వాళ్లు ఎక్కువైతే దాన్ని పట్టుకునే వల ఆవిడ దగ్గర లేదు. నాకు భయం అదే.

కమ్మింగ్_కాకా | నవంబర్ 3

ఇక్కడ మనవాళ్లలో ఒక మాట నడుస్తోంది, ఫోర్సైత్ కౌంటీ తెలుగు ఓట్లే జార్జియాని తేలుస్తాయని, అలా అని సర్వే చెప్పిందని. అలాంటి సర్వే ఏదీ లేదు. 800 మందిని అడిగిన రాష్ట్ర సర్వేలో భారతీయులు మొత్తం కలిపి పది పన్నెండు మంది తగలొచ్చు, అందులో తెలుగువాళ్లు ఎందరు? అంతమందితో శాతాలు కట్టకూడదు. మన సమాజం గురించి తెలుసుకోవాలంటే కార్నెగీ సంస్థ ప్రత్యేకంగా భారతీయ అమెరికన్లనే అడిగి చేసిన సర్వే ఉంది. అందులో 61 శాతం హారిస్, మూడోవంతుకి కాస్త తక్కువ ట్రంప్. 2020లో బైడెన్‌కి 68 ఉండేది. అది కూడా దేశం మొత్తానికి, జార్జియాకి కాదు.

2020లో ఇక్కడ తేడా 11,779 ఓట్లు. అంత చిన్న తేడాలో "మేమే తేల్చాం" అని ఏ వర్గమైనా అనుకోవచ్చు, తప్పు లేదు. దాన్ని సర్వే మీద రుద్దొద్దు.

ఓరుగల్లు_ఇప్పుడు_ఫ్రిస్కో | నవంబర్ 4

నన్ను అడిగితే అయోవా సర్వే కంటే ఏడు పోటీ రాష్ట్రాల (ఎటైనా మొగ్గగలవి) సర్వేలే ఎక్కువ అనుమానంగా ఉన్నాయి. పెన్సిల్వేనియాలో వరసపెట్టి సమానం, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ, మళ్లీ సమానం. నిజంగా పోటీ సరిసమానంగా ఉన్నా 800 మంది శాంపిల్‌తో అప్పుడప్పుడు ఒకవైపు 5, ఇంకోవైపు 6 రావాలి కదా, అది లెక్కల సహజం. ఎన్నికల అంచనాలు కట్టే నేట్ సిల్వర్ ఇదే లెక్కేసి చూపించాడు. ఆ ఏడు రాష్ట్రాల్లో 78 శాతం సర్వేలు రెండున్నర పాయింట్ల లోపే ఉన్నాయట, మామూలుగా అయితే 55 శాతం మాత్రమే అలా ఉండాలట. అంటే తేడాగా వచ్చిన ఫలితాలని కొంతమంది బయటపెట్టడం లేదు, లేదా అందరికీ దగ్గరగా వచ్చేదాకా సర్దుతున్నారు. మందతో పాటు నడిస్తే ఒక్కరినే ఎవరూ తిట్టరు.

డిమోయిన్_దేశీ | నవంబర్ 4

ఇది చాలా ముఖ్యమైన పాయింట్ అన్నా. అలా అయితే సెల్జర్‌ని మెచ్చుకోవాలి. అయోవాలో ఇలాంటి అంకె వచ్చినప్పుడు ఎంత తిట్లు పడతాయో ఆవిడకి తెలియదా? ముప్పై ఏళ్ల పేరు ఉంది. పక్కన పెట్టేయొచ్చు. వచ్చింది వచ్చినట్టు ఇచ్చింది.

బందరు_రోడ్డు | నవంబర్ 4

మెచ్చుకోవడం సరే, ఎన్నికలకి మూడు రోజుల ముందు ఇంత పెద్ద వార్త వేయొచ్చా అన్నది నా ప్రశ్న. మన దగ్గర ఆఖరి దశ పోలింగ్ ముగిసేదాకా ఎగ్జిట్ పోల్స్ బయటపెడితే ప్రజాప్రాతినిధ్య చట్టం 126ఎ కింద జైలు దాకా పోవచ్చు. పోలింగ్‌కి ముందు 48 గంటలు టీవీల్లో సర్వేలు వేయకూడదు. ఇది మంచి రూల్ అని నేను గట్టిగా నమ్ముతాను. గెలిచే గుర్రం మీదికి ఎక్కేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

మిల్వాకీ_మావయ్య | నవంబర్ 4

బందరు రోడ్డు గారూ, ఇక్కడ అలాంటి చట్టం నిలబడదు, భావప్రకటన హక్కు కింద కొట్టేస్తారు. నిలబడినా నాకు ఇష్టం లేదు. సర్వేలు ఆపితే పార్టీలు సొంతంగా చేయించుకున్నవి మాత్రం ఆగవు. అప్పుడు వాళ్లకి తెలిసింది మనకి తెలియదు. పుకార్లదే రాజ్యం అవుతుంది. తణుకు తమ్ముడు చెప్పిన పందేలు, ఆ పొలాలు పోవడం, అవి ఎందుకు జరిగాయి? పద్ధతి చెప్పని ఒక మనిషి మాట మీద నడిచినందుకు. పట్టికలతో సహా పెట్టే పది సర్వేలు ఉండి ఉంటే ఆ ఒక్క మాటకి అంత బలం వచ్చేది కాదు.

ఓరుగల్లు_ఇప్పుడు_ఫ్రిస్కో | నవంబర్ 6

ఏడు రాష్ట్రాలూ ట్రంప్ వైపే కనిపిస్తున్నాయి. అయోవాలో ట్రంప్‌కి 13 పాయింట్ల ఆధిక్యం. అంటే సెల్జర్ సర్వేకీ ఫలితానికీ తేడా 16.

తణుకు_కుర్రోడు | నవంబర్ 6

నేను మొదటే అన్నాను. పదహారు పాయింట్లు తప్పితే దాన్ని ఏమనాలి? ఇక్కడ అయితే ఇంటి మీదికి పోయేవాళ్లు. వచ్చింది వచ్చినట్టు ఇచ్చింది అని ఇప్పుడూ మెచ్చుకుంటారా డిమోయిన్ అన్నా?

డిమోయిన్_దేశీ | నవంబర్ 6

మెచ్చుకుంటాను తమ్ముడూ. ఇక్కడ ఇవాళ ఆవిడని దొంగ అంటున్నారు, డబ్బు తీసుకుందంటున్నారు, వింటుంటే చాలా బాధగా ఉంది. కుట్ర చేసేవాళ్లు 6 ఓట్ల రాష్ట్రంలో, మూడు రోజుల్లో బయటపడిపోయే అంకెతో చేస్తారా? పద్ధతి విఫలమైంది, అది నిజం, అది చిన్న విషయం కాదు. కేరీ గణాంకం గారు ఎన్నికలకి ముందే భయపడింది అదే. దానికి ఆవిడని ప్రశ్నించాలి, లెక్కలు అడగాలి. నిజాయితీని అనుమానించడానికి ఆధారం లేదు.

కేరీ_గణాంకం | నవంబర్ 7

మిగతా సర్వేల సంగతి కూడా చెప్పుకోవాలి, ఈ గొడవలో అది మరుగున పడిపోతోంది. ఏడు రాష్ట్రాల సగటు చూస్తే తప్పు 2016, 2020 కంటే బాగా తక్కువ. మార్కెట్ వాళ్లు విస్కాన్సిన్‌లో హారిస్ 50, ట్రంప్ 49 అన్నారు, ట్రంప్ పాయింట్ లోపు తేడాతో గెలుస్తున్నాడు. రెండు పాయింట్ల లోపు తప్పు అంటే ఆ శాంపిల్‌కి చాలా మంచిది. న్యూయార్క్ టైమ్స్, సియెనా కాలేజీ కలిసి చేసిన సర్వేలో పెన్సిల్వేనియా సమానం, మిషిగన్ సమానం అన్నారు, రెండూ రెండు పాయింట్ల లోపే తేలేలా ఉన్నాయి. నార్త్ కరోలినాలో హారిస్‌కి 2 అన్నారు, అది మాత్రం 3 పాయింట్లతో ట్రంప్ వైపు పోయింది, నేను ఇక్కడే ఉన్నాను కాబట్టి నాకు అది గుచ్చుకుంది.

చాలా సంస్థలు ఈసారి పోయినసారి ఓటు ఎవరికి వేశారో అడిగి దాన్ని బట్టి సర్దాయి. జనం ఆ జవాబు సరిగ్గా గుర్తుంచుకోరు, గెలిచినవాడికే వేశామని చెప్పేవాళ్లు ఎక్కువ, అందుకే పాత తరం పరిశోధకులకి అది నచ్చదు. కానీ ఈసారి అది కాపాడింది. సెల్జర్ అది చేయలేదు. రేపు జనం నిజంగానే ఒక్కసారిగా మారిన ఏడాది వస్తే ఇదే సర్దుబాటు ఆ మార్పుని దాచేస్తుంది, అప్పుడు అందరూ కలిసి తప్పుతారు.

మూడు ఎన్నికల్లో ఒకేవైపు, ట్రంప్ బలం తక్కువ చూపించే వైపే తప్పింది కాబట్టి ఎప్పుడూ అలాగే తప్పుతుందని కూడా అనుకోవద్దు. 2012లో ఒబామాకి ఒక పాయింట్ కూడా లేదని సగటు చెప్తే దాదాపు 4తో గెలిచాడు.

పిట్స్‌బర్గ్_ఇల్లాలు | నవంబర్ 7

మళ్లీ ఫోన్ వస్తే ఎత్తుతాను. ఆ రోజు నాతో మాట్లాడిన అమ్మాయి ఎన్ని ఇళ్లకి చేస్తే నేను ఒక్కదాన్ని దొరికి ఉంటానో ఇప్పుడు తెలిసింది.

తణుకు_కుర్రోడు | నవంబర్ 8

డిమోయిన్ అన్నా, నిజాయితీ విషయంలో మీతో ఒప్పుకుంటాను. మా దగ్గర తప్పు చెప్పినవాళ్లు మళ్లీ వచ్చే ఎన్నికలకి అదే టీవీలో అదే కుర్చీలో కూర్చుంటారు, అది కూడా పోవాలి. ఆవిడ ఎక్కడ తప్పిందో పూర్తిగా రాస్తుందా?

డిమోయిన్_దేశీ | నవంబర్ 17

ఇవాళ రిజిస్టర్‌లో ఆవిడ కాలమ్ వచ్చింది తమ్ముడూ. ఎన్నికల సర్వేలు ఇక చేయనని రాసింది. ఈ ఫలితం వల్ల కాదట, కాంట్రాక్టు 2024తో అయిపోతే కొనసాగించనని ఏడాది క్రితమే పత్రికకి చెప్పిందట. ఆ సర్వే డేటాని తిరగేసి చూశారు గానీ ఇదీ కారణం అని ఒక్కటి చేతికి దొరకలేదు. ఇక్కడి జనం ఎలా ఆలోచిస్తున్నారో తెలుసుకోవడానికి మాకు ఇన్నేళ్లూ ఆ సర్వేయే ఆధారం, ఎలక్షన్లే కాదు, స్కూళ్లు, నీళ్లు, పన్నులు అన్నింటి మీదా అడిగేవాళ్లు. 2026లో ఇక్కడ గవర్నరూ సెనేటూ రెండూ ఉన్నాయి. మార్కెట్ వాళ్లు ఇప్పుడు ఓటర్ల జాబితా నుంచి పేర్లు తీసి ఆన్‌లైన్లో కొంత, ఫోన్లో కొంత అడుగుతున్నారని విన్నాను, మావయ్యా, అది ఎలా చేస్తున్నారో మీకు తెలిస్తే కాస్త వివరంగా రాస్తారా? ఇక్కడి యూనివర్సిటీల్లో ఒకరిద్దరు తెలిసినవాళ్లు ఉన్నారు, వాళ్లకి చూపిస్తాను.